ఆరేళ్ల వాడకం తర్వాత మా పాత ట్రైలర్ టెంట్

మేము ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటాము. 2019 ఏప్రిల్‌లో ఒక వృద్ధ దంపతుల దగ్గర 700 పౌండ్లు పెట్టి పాత ట్రైలర్ టెంట్ కొన్నాము. కారు వెనక తగిలించుకుని వెళ్లే రెండు చక్రాల చిన్న బండి, దాని పెట్టెలో మడిచిపెట్టిన కాన్వాస్ గుడారం, తెరిచి లాగితే చెరోవైపు ఇద్దరు పడుకునే మంచం, మధ్యలో నిలబడి తిరగడానికి చోటు, ముందు వరండాలాగా కట్టుకునే ఔనింగ్: దాని స్వరూపం ఇంతే. ఈ ఆరేళ్లలో మా కుటుంబం అందులో 61 రాత్రులు పడుకుంది.

మామూలు టెంట్ ఉండగా ఇదెందుకని చాలామంది అడిగారు. అంతకుముందు వేసవిలో పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండప్రాంతానికి మామూలు టెంటే తీసుకెళ్లాము. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ మోకాళ్ల నొప్పులతో నేల మీది పరుపు నుంచి లేవలేక, తెల్లవారేదాకా కారు సీట్లో కూర్చుంది. ట్రైలర్ టెంట్‌లో మంచం మోకాలి ఎత్తుకు పైనే ఉంటుంది, కింద నేల చెమ్మ తగలదు. ఈ ఒక్క సుఖం విషయంలో అది మమ్మల్ని ఒక్కసారి కూడా నిరాశపరచలేదు.

ఇక్కడి పాత సరుకులో కాన్వే, పెన్నైన్, కాంప్‌లెట్, ట్రిగానో వంటి పేర్లు తరచుగా కనబడతాయి. మాది ఏ కంపెనీదో కావాలనే రాయడం లేదు. 20 ఏళ్లు దాటిన బండి మంచిచెడ్డలు దాన్ని తయారుచేసినవారి కంటే ఇన్నాళ్లూ దాచినవారి మీదే ఎక్కువగా ఆధారపడతాయని నాకు అనుభవం మీద తెలిసింది. మేము చూడడానికి వెళ్లిన రోజు తుంపర పడుతోంది. అమ్మేవారు గుడారం వరకు విప్పి చూపించి, ఔనింగ్‌ను మొన్ననే ఆరబెట్టి మడిచామని, ఇప్పుడు విప్పితే మళ్లీ తడుస్తుందని అన్నారు. పెద్దవాళ్లు కదా అని మొహమాటపడి సరేనన్నాము. ఆరు వారాల తర్వాత ఒక పొలంలో దాన్ని మొదటిసారి విప్పినప్పుడు, ఎలుకలు కొరికిన చిల్లులు బయటపడ్డాయి. మడతల మీద కొరికాయి కాబట్టి ఒకే ఆకారం, ఒకే కొలత చిల్లు వరసగా ఏడు చోట్ల, పెళ్లిపందిరికి కాగితం మడిచి కత్తిరించిన తోరణంలాగా ఉంది. పిల్లలు నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. అందువల్ల ఎంత వాన పడుతున్నా, అమ్మేవారు ఎంత మర్యాదస్తులైనా, ప్రతి గుడ్డనూ పూర్తిగా విప్పించి, లోపల నిలబడి, పైకప్పు కుట్ల వెంట వెలుతురు కనబడుతోందేమో చూసి, ముక్కిపోయిన వాసన వస్తోందేమో పసిగట్టిన తర్వాతే డబ్బు ఇవ్వాలి.

టైర్ల విషయంలో మాత్రం మోసపోలేదు. పైకి గాడులు కొత్తవాటిలా లోతుగానే ఉన్నాయి కానీ, పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు 2306 అని ఉన్నాయి, అంటే 2006లో 23వ వారంలో తయారైనవి. ట్రైలర్ టైర్లు అరిగిపోయేలోపే, కదలకుండా నిలబడి నిలబడి పగుళ్లిచ్చి పాడవుతాయి. రెండింటినీ 90 పౌండ్లకు మార్చి, చక్రాల బేరింగులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించడానికి మరో 110 ఇచ్చాము. దీని వెనక దీపాలకు ఏడు పిన్నుల ప్లగ్గు ఉంటే, ట్రైలర్‌ను తగిలించడానికి మా కారు వెనక బిగించిన కొత్త టో బార్‌కు పదమూడు పిన్నుల సాకెట్టు ఉంది. మధ్యలో చిన్న అడాప్టరుతో సరిపోయింది.

లైసెన్సు గురించి భయపడవలసిన పని లేదు. 750 కిలోలలోపు ట్రైలర్‌కు మామూలు కారు లైసెన్సు ముందు నుంచీ చాలు, 2021 డిసెంబరు 16 నుంచి ఆ పరిమితి 3,500 కిలోల దాకా పెరిగింది. బరువుకన్నా వేగం మీదే దృష్టి ఉండాలి: మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు, మామూలు రోడ్డు మీద 50 మించకూడదు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ వరసలున్న మోటార్‌వేలో కుడిచివరి వరసలోకి వెళ్లకూడదు. ట్రైలర్ వెనక భాగాన మన కారు నంబరు ప్లేటే పెట్టుకోవాలి. లెస్టర్ నుంచి వాయవ్య ఇంగ్లండ్‌లోని కెజిక్ అనే ఊరి దాకా ప్రయాణం, ట్రైలర్ లేకుండా కారులో వెళ్లేదానికంటే గంటకు పైగా ఎక్కువ పట్టింది.

ఆ కెజిక్ పక్కనున్న బారోడేల్ లోయలోనే ఈ గుడ్డ స్వభావం మాకు అర్థమైంది. ఆ లోయలోని సీత్‌వెయిట్ అనే పల్లె, ఇంగ్లండ్‌లో జనావాసాలన్నిటిలోకీ ఎక్కువ వాన పడే చోటుగా పేరుపడింది. రాత్రంతా కురిసింది. నూలు కాన్వాస్ తడిసినప్పుడు దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి కాబట్టి ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. తెల్లవారుజామున మా చిన్నది లేచి, పైకప్పు మీద వేలితో తన పేరు రాసింది. ఐదు నిమిషాల్లో ఆ అక్షరాల వెంటే నీళ్లు ఊరి, బొట్లు బొట్లుగా దుప్పటి మీద పడడం మొదలయ్యాయి. తడిసిన కాన్వాస్‌ను లోపలి నుంచి రుద్దకూడదని పిల్లలకు ముందే చెప్పి ఉండవలసింది. ఆరిన తర్వాత మళ్లీ మామూలైపోయింది కానీ, ఆ పరుపు ఆరడానికి రెండు రోజులు పట్టింది.

అసలు కష్టం ఇంటికొచ్చాక ఎదురైంది. తడి గుడారాన్ని మడిచి తెచ్చిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో విప్పి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. మరుసటి రోజు ఆఫీసు, బయట మళ్లీ వాన. మెట్ల కటకటాల మీద, తలుపుల మీద, భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, ఇల్లంతా తడిమట్టి వాసనతో రెండు రాత్రులు గడిపాము. ఔనింగ్‌ను ఆరేయడానికి చోటు చాలక శనివారం దాకా వదిలేస్తే, అంచుల వెంట నల్లటి మచ్చలు పడ్డాయి. ఎంత తోమినా అవి పోలేదు. ఆ వారం ఫోనులో ఇదంతా విని మా అమ్మ, "ఎండ కాయని దేశంలో గుడ్డిల్లు కొన్నావేమిట్రా, అక్కడ వడియాలైనా ఎండుతాయా?" అంది. ఈ ఆరేళ్లలో దీని మీద నేను విన్న సమీక్షల్లో అంతకన్నా సూటైనది లేదు.

వంట సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్యాస్ పొయ్యి ఎప్పుడూ గుడారం బయటే పెట్టాలి. నిప్పు ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం అటుంచి, ఒకసారి పట్టిన తాలింపు వాసన కాన్వాస్‌ను ఏడాదైనా వదలదు. కరెంటు తీసుకున్న క్యాంప్‌సైట్లలో చాలాసార్లు 10 ఆంపియర్లే ఇస్తారు, అంటే సుమారు 2,300 వాట్లు. ఇంట్లోని 3,000 వాట్ల కెటిల్ పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోయి, పొద్దున్నే వెళ్లి క్యాంప్‌సైట్ ఆఫీసు తలుపు తట్టవలసి వచ్చింది. చిన్న రైస్ కుక్కర్ మాత్రం ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు.

ఇక డబ్బు లెక్క. బండి 700, టో బార్ వైరింగుతో సహా 420, టైర్లు 90, బేరింగులు 110, తాళం 50, మేకులూ నేల మీద పరిచే పట్టా 60, గుడ్డకు మళ్లీ వాటర్‌ప్రూఫ్ పూతకు 45: మొత్తం 1,475 పౌండ్లు. 61 రాత్రులకు పంచితే రాత్రికి 24 పడింది, ఇది మంచి బేరమే. అయితే కొన్న నెలలోనే, మా ఎస్టేట్ (ఇళ్ల కాలనీ) దస్తావేజులో ఇంటి ముందు ట్రైలర్లు నిలపకూడదన్న షరతు ఉందని పొరుగాయన మర్యాదగా గుర్తుచేశారు. గ్యారేజీ గుమ్మం బండి కంటే పది సెంటీమీటర్లు ఇరుకు. అప్పటి నుంచి ఊరి బయట ఒక రైతు కొట్టంలో నెలకు 22 పౌండ్ల అద్దెకు పెట్టాము. 72 నెలలకు అది 1,584 అయింది, అంటే బండి ధరకు రెండింతలకు పైనే. దాన్ని కలిపితే రాత్రికి 50, పైన క్యాంప్‌సైట్ అద్దె సుమారు 30. ఆ డబ్బుకు సీజను కాని రోజుల్లో నలుగురికి చవక హోటల్ గది దొరుకుతుంది.

కాబట్టి ఇంట్లో పొడి గ్యారేజీ, గుడ్డ పూర్తిగా పరచగలిగే పెరడు ఉన్నవారికి దీన్ని సంకోచం లేకుండా సిఫార్సు చేస్తాను. ఫ్లాటులో ఉండేవారు, నాలాంటి షరతులున్న ఎస్టేటులో ఉండేవారు కొనేముందు టేపు తీసుకుని గ్యారేజీ గుమ్మం కొలవాలి, ఆ తర్వాత దస్తావేజు చదవాలి. మేము మాత్రం ఇంకా అమ్మలేదు. పోయిన ఆదివారం కొట్టానికి వెళ్లి చూస్తే, అప్పట్లో కొత్తగా వేయించిన టైర్ల మీద 1219 అని ఉంది. ఆరేళ్లు నిండాయి కాబట్టి, ఈ వేసవికి ముందు వాటినీ మార్చాలి.