పాత జీపు గేర్ బాక్సు సామాను: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కడపలో మా ఇంట్లో ఉన్నది మహీంద్రా సీజే-3బీ జీపు. విల్లీస్ వాళ్లు అమెరికాలో 1953లో మొదలుపెట్టి 1968లో ఆపేసిన మోడల్ ఇది. మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారైంది కాబట్టి దీని టీ-90 గేర్ బాక్సుకు సామాను ఇప్పటికీ దొరుకుతుంది. దొరికినవన్నీ పనికిరావు, అదే చిక్కు.

గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే లివర్ సెకండ్ గేర్ నుంచి ఎగిరి న్యూట్రల్‌లో పడేది. ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదికి వచ్చేది. లివర్ ఒక చేత్తో అదిమిపట్టుకుని ఘాట్ దిగడమంటే ఒకటే టెన్షన్. బాక్సు విప్పాక మెకానిక్ ఒకే మాటన్నాడు: "పళ్లు బాగున్నాయి సార్, గేర్ల జోలికి పోవద్దు." అరిగినవన్నీ చిన్నవే. సెలెక్టర్ రాడ్లను పట్టి ఉంచే బాల్ స్ప్రింగులు బలం తగ్గాయి. థ్రస్ట్ వాషర్లు పలచబడి క్లస్టర్ గేరు (ఒకే ముక్కగా ఉండే గేర్ల గుత్తి) ముందుకూ వెనక్కూ ఆడుతోంది. ముందు బేరింగ్ కూడా లూజే.

ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర తెప్పించిన 'ఫుల్ కిట్' మాత్రం డబ్బు దండగ. అందులోని సింక్రో రింగును (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపి గర్రుమనకుండా చూసే ఇత్తడి రింగు) గేరు కోన్ (ఏటవాలు అంచు) మీద పెట్టి, అదిమి తిప్పి చూశాం. మంచి రింగు కోన్‌ను కరిచి పట్టుకోవాలి, రింగు పళ్లకూ గేరు పళ్లకూ మధ్య సందు మిగలాలి. ఇది జారుతూ పోయి గేరుకు ఆనుకుంది. వాపసు తీసుకోమంటే సమాధానమే లేదు. అందులో పనికొచ్చింది వాషర్లూ స్ప్రింగులే, అవి విడిగా కొంటే చాలా తక్కువలో వస్తాయి. రింగులు కంపెనీ పాత స్టాకులో వెతికి వేయించాను.

బేరింగుల్లో ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ ఏదైనా పర్వాలేదు. ముందు బేరింగ్‌కు బయటి అంచున స్నాప్ రింగు గాడి ఉండాలి. నంబరు చివర 'ఎన్ఆర్' అని ఉంటే రింగు కూడా దానితోనే వస్తుంది. షాపువాడు 'అన్నీ ఒకటే' అంటే నమ్మొద్దు.

పనిముట్లలో నేను గట్టిగా చెప్పేది పుల్లర్ గురించి. వెనక గుండ్రటి మూత తీసి, మెయిన్ షాఫ్ట్ చివరి కాటర్ పిన్నూ నట్టూ విప్పి, షాఫ్ట్ మీది గేరును లాగితే గానీ, ఇంజన్ బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ విడిపోదు. సుత్తితో బాదితే పోతపోసిన కేసు పగులుతుంది. నేను కొన్న రెండు కాళ్ల పుల్లర్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు, వీధిలో అందరూ అడిగి పట్టుకుపోతారు. టపారియా సర్‌క్లిప్ ప్లయర్ బాగుంది. నట్లన్నీ అంగుళాల కొలతలవి, మిల్లీమీటర్ స్పానర్లతో తిప్పితే మూలలు గుండ్రమవుతాయి. టాప్ గేర్ లోపలి సన్నటి రోలర్లను చిక్కటి గ్రీజు రాసి ఒక్కొక్కటే అంటించాలి. ఒక్కటి జారినా మళ్లీ మొదటికే!

ఆయిల్ 90 నంబరు, జీఎల్-4 రకమే పోయండి. జీఎల్-5లో కలిపే గంధకం మందులు ఇత్తడి రింగులను తినేసే ప్రమాదముంది.

ఇప్పుడు ఘాట్‌లో లివర్ కదలదు. ఫస్ట్ గేర్‌కు సింక్రో లేదు కాబట్టి కదులుతున్న బండిలో వేస్తే గర్రుమనడం మామూలే, దానికి ఏ సామానూ లేదు. లివర్ దగ్గర కాస్త ఆయిల్ చెమ్మ ఉంటుంది. గేర్ బాక్సు ఆయిల్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి పాకుతుంది కనుక లెవెల్ రెండింట్లోనూ చూస్తుంటాను.