మద్రాసు నుంచి విశాఖకు తుపాకుల పెట్టె: ఓడలోనా, రైల్లోనా?

1878 ఆయుధాల చట్టం ఈ రెండు దారుల్నీ ఒకే కంట చూడలేదు. ఓడెక్కించారా, రెండు రేవులూ బ్రిటిషు ఇండియావే అయినా 6వ సెక్షన్ దాన్ని ఎగుమతి, దిగుమతి కిందే లెక్కగట్టేది, లైసెన్సు తప్పదు. ఆయుధాలు ఉంచుకునే హక్కున్నవాళ్లు సొంత వాడకానికి తగుమాత్రం తీసుకెళ్తే మినహాయింపు ఉంది, ఫిరంగులకు తప్ప. అయినా స్థానిక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా కస్టమ్స్ కలెక్టరు పెట్టెను ఆపేయొచ్చు. అసలు చిక్కు అక్కడే.

రైల్లో అయితే ఉత్త రవాణా. గెజిట్‌లో నిషేధమో నియంత్రణో ప్రకటిస్తేనే 10వ సెక్షన్ పట్టుకునేది. (రేవులో ఓడ నుంచి ఓడకు మార్చే సరుకూ విచిత్రంగా ఈ పద్దులోకే.) కానీ బెజవాడ నుంచి నిజాం రాజ్యం మీదుగా షోలాపూరు పంపారో, మధ్యలోది బ్రిటిషు ఇండియా కాదు కాబట్టి మళ్లీ 6వ సెక్షనే.

ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలో, జరిమానానో, రెండూనో. అధికారుల కళ్లుగప్పి చేస్తే ఏడేళ్ల దాకా.