పాత పీసు చూపించనిదే కొత్తది ఇవ్వని షాపు

మాది హైదరాబాద్ అల్వాల్‌లో 1996లో కట్టిన ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. మా వారి ఉద్యోగం నాగ్‌పూర్‌లో. కాబట్టి "ఆంటీ, నల్లా కారుతోంది" అని పైనుంచి వచ్చే ఫోన్లన్నీ నాకే. ఒక్క వాషర్ కోసమంటే ప్లంబర్ ఎవరూ రారు. వస్తే గిస్తే రేపు, ఎల్లుండి అంటారు. విసుగొచ్చి రెండేళ్ళుగా చిన్న చిన్న పనులు నేనే చేసుకుంటున్నాను. ఒక పానా, ఒక స్క్రూడ్రైవర్, ఒక టేపు చుట్ట, అంతే నా సామాను. మిగతాదంతా మా కాలనీ మూలమీది శానిటరీ షాపు నేర్పిందే. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది. మేమంతా మూల షాపు అనే అంటాం.

ముందు కోపం తెప్పించే సంగతి చెప్తాను. అక్కడ ఏం అడిగినా మొదటి మాట "పాత పీసు తెచ్చినవా అక్కా?" తేలేదంటే షాపాయన ఇవ్వడు. డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడ్డా ఇవ్వడు. ఏప్రిల్ ఎండలో రెండుసార్లు అలా వెనక్కి తిరిగొచ్చాక ఒళ్ళు మండి, బాత్రూమ్ నల్లా స్పిండిల్, అంటే పిడి తిప్పితే నల్లా లోపల తిరిగే ముక్క, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. 180 రూపాయలు. చూడ్డానికి అచ్చం పాతదే. నల్లాలో చక్కగా బిగిసింది కూడా. తీరా పైన పిడి పెడితే కూర్చోదు. నొక్కినా కూర్చోదు, పానా వెనక వైపుతో రెండు దెబ్బలు వేసినా కూర్చోదు.

రెండూ పట్టుకుని షాపుకే వెళ్ళాను. ఆయన వాటిని కౌంటర్ మీద పక్కపక్కన నిలబెట్టి, తల దగ్గర పళ్ళు లెక్కపెట్టమన్నాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు, గోటితో తడుముతూ లెక్కపెట్టాను. పాతదానికి 20, నేను కొన్నదానికి 24. "కంపెనీకో లెక్కుంటది అక్కా, నోటితోని చెప్తే నాకేం తెలుస్తది?" అన్నాడు. వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపే మిక్సర్ నల్లా అయితే వేడినీళ్ళ వైపుది, చన్నీళ్ళ వైపుది తిరిగే దిక్కు కూడా వేరుగా ఉంటుందట. ఆ రోజు నుంచి నేను కిక్కురుమనకుండా పాత ముక్క సంచిలో వేసుకునే వెళ్తున్నాను.

ఆ పాత స్పిండిల్‌ని విప్పి కూడా చూపించాడు. లోపల రెండు పింగాణీ బిళ్ళలు ఒకదానిమీద ఒకటి. నల్లా తిప్పితే పై బిళ్ళ తిరిగి, కింద బిళ్ళ కన్నాలు తెరుచుకుంటాయి. మాదాంట్లో కింద బిళ్ళ మీద వెంట్రుకంత గీత ఉంది. "ట్యాంకు కడిగించిన్రా ఈ మధ్య?" అన్నాడు. నిజమే, వారం కిందటే కడిగించాను. కడిగినప్పుడు లేచిన ఇసుక పైపుల్లోకి దిగి బిళ్ళల మధ్య ఇరుక్కుంటుందట. ఒకసారి గీత పడ్డాక ఎంత బిగించినా చుక్క ఆగదు. అందుకని ట్యాంకు కడిగించిన రోజు నల్లా మూతికుండే జాలీ విప్పేసి కాసేపు నీళ్ళు ధారగా వదిలేయమన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ట్యాంకు కడిగిస్తున్నాను, ఈ మాట నాకు ఒక్క ప్లంబరూ చెప్పలేదు.

గీజర్ కనెక్షన్ పైపు సంగతి ఇంకా నవ్వొస్తుంది. నట్టు దగ్గర నీళ్ళు చిమ్ముతుంటే టెఫ్లాన్ టేపు పది చుట్లు చుట్టి బిగించాను. ఇంకా ఎక్కువ చిమ్మింది. మళ్ళీ చుట్టాను. మెయిన్ ఆపేసి, స్విచ్ కట్టేసి, పైపు విప్పి తీసుకెళ్తే ఆ టేపంతా దూది ఉండలా ఊడొచ్చింది. ఆయన దాన్ని పీకి పారేసి, నట్టు లోపల గట్టిపడి చీలిపోయిన రబ్బరు వాషర్ చూపించాడు. ఇక్కడ నీళ్ళు ఆపేది మర కాదు, వాషర్. టేపు లావుగా చుడితే నట్టు పూర్తిగా బిగుసుకోదు, వాషర్ నొక్కుకోదు. టేపు వేయాల్సింది నల్లాని గోడలో బిగించే చోట, అదీ మర తిరిగే దిక్కునే చుట్టాలి. వాషర్లు రెండు, పది రూపాయలు. కొత్త పైపు అంటగడితే నేను కొనేదాన్నే, ఆయనకి ఆ సంగతి తెలుసు కూడా.

ఫ్లష్ ట్యాంక్ కారుతోందో లేదో తేల్చుకోవడానికి ఉజాలా నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా చూడమన్నదీ ఈయనే. పై పోర్షన్‌లో చేసి చూస్తే కమోడ్‌లో నీలం దిగింది. మాది బోరు నీళ్ళు, ఫ్లష్ ట్యాంక్ అడుగు వాషర్ చుట్టూ సున్నం గట్టిగా పేరుకుంది. నిమ్మఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెడితే మెత్తబడి ఊడింది. అక్కడ వాషర్ కూడా కొనక్కర్లేకపోయింది.

ఇక తిట్టాల్సినవి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా షట్టర్ దించేస్తాడు. ఆదివారం అసలు తీయడు, నల్లాలేమో ఆదివారమే విరుగుతాయి. బిల్లు అడిగితే తప్ప రాయడు. గట్టిగా అడిగి రాయించుకోండి, కొత్త నల్లాలకి వారంటీ కావాలంటే అదే దిక్కు. షవర్లు, వాష్‌బేసిన్లలో ఎంచుకోవడానికి రకాలు దొరకవు. బాత్రూమ్ మొత్తం కొత్తగా చేయించేవాళ్ళు సికింద్రాబాద్ రాణిగంజ్ శానిటరీ షాపులకి వెళ్ళడమే మేలు. గోడలోపలి పైపు కారుతుందని అడిగితే మాత్రం సామాను ఇవ్వకుండా ప్లంబర్‌ని పిలవమంటాడు. మొదట్లో నాకు చేతకాదనుకుంటున్నాడని ఉడుక్కున్నాను. టైల్స్ పగలగొట్టే పని నిజంగానే నాకు చేతకాదు.

పాత ఇత్తడి నల్లాలుంటే పారేయకండి. తూకం వేసి కొత్త సామాను బిల్లులో తగ్గిస్తాడు. పోయిన నెల మూడు నల్లాలు ఇచ్చాను. తూకం వేసేముందు లోపలి ప్లాస్టిక్ ముక్కలన్నీ మాత్రం వెతికి వెతికి పీకేశాడు.