మేడ మీద ముందు ఏది: సోలార్ ప్యానెళ్లా, సోలార్ వాటర్ హీటరా?

హనుమకొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకు తప్పకుండా వచ్చే సందేహం ఇది. రామగుండం, భూపాలపల్లి కరెంటు కేంద్రాల్లో బొగ్గు ఎంత తక్కువ మండితే అంత మేలు కాబట్టి ఏది పెట్టినా మంచి పనే.

ఖర్చు: హీటర్ వేలల్లో అయిపోతుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లకు లక్ష దాటుతుంది, కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది.

వాడకం: మన దగ్గర ఎండాకాలం ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. హీటర్ పనంతా చలికాలం, వానాకాలం పొద్దులే. ప్యానెళ్లు ఏడాదంతా పనిచేస్తాయి. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, మిగిలితే కరెంటు లైనులోకి వెళ్లి, నెట్ మీటర్ లెక్కలో మన బిల్లులోంచి తగ్గుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి: బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) ప్యానెళ్లు కరెంటు పోగానే ఆగిపోతాయి. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. చాలామందికి ఇది బిగించాకే తెలుస్తుంది, అది బాధ.

తిప్పలు: కోతులు! హీటర్ గాజు ట్యూబుల మీద దూకితే పగులుతాయి. బోరు నీళ్లయితే లోపల తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ప్యానెళ్లకు దుమ్ము తుడిస్తే చాలు.

తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంటికి ప్యానెళ్లతో డబ్బు పెద్దగా మిగలదు. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచే ఇల్లయితే హీటరే ముందు, పొగ తప్పుతుంది. ఏసీలతో బిల్లు వేలల్లో వస్తూ, నీడపడని మేడ 300 చదరపు అడుగులు ఉంటే మాత్రం ప్యానెళ్లే పెట్టండి.