జాగ్రత్త: విమానం దిగే రోజుకి అడ్వాన్స్ రైలు టికెట్ కొనొద్దు

రాత్రంతా నిద్ర పట్టలేదు. అందరూ లేవకముందే కూర్చుని ఇది రాస్తున్నా. నిన్న మధ్యాహ్నం మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి మొదటిసారి లండన్ వచ్చారు. హీత్రో విమానాశ్రయంలో దిగినవాళ్లని బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికి చేర్చేసరికి 200 పౌండ్ల పైన వదిలింది. డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకుంటాం. మా నాన్న ఆ రైల్లో లేచి నిలబడి చేతులు జోడించిన దృశ్యం మాత్రం కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

కంపెనీ పేరు, యాప్ పేరు రాయడం లేదు. ఇక్కడ ఏ కంపెనీ రైలెక్కినా అడ్వాన్స్ టికెట్ రూలు ఒకటే. ఒక పేరు చెప్తే మిగతావి మంచివేమో అనుకుంటారు.

ఈ దేశంలో ఉంటున్నవాళ్లకి ఎనీటైమ్, ఆఫ్-పీక్, అడ్వాన్స్ అని మూడు రకాల టికెట్లు ఉంటాయని తెలుసు కాబట్టి పెద్దగా వివరించను. ఎనీటైమ్ ఏ రైలుకైనా చెల్లుతుంది, ధర మండిపోతుంది. ఆఫ్-పీక్ రద్దీ లేని వేళల్లో ఏ రైలుకైనా చెల్లుతుంది. అడ్వాన్స్ అన్నిటికన్నా చవక, కానీ ఆ తేదీన, ఆ టైముకి, ఆ ఒక్క రైలుకే. ఇంత సులువైన సంగతి మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్న నాకు తెలియదా అంటే, తెలుసు. తెలిసీ మోసపోయాను. ఎందుకంటే మన చెవికి ఆ మాట వేరేలా వినిపిస్తుంది. మనకి అడ్వాన్స్ అంటే ముందుగా బుక్ చేసుకోవడం. అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరవగానే బెర్తు పట్టుకున్నవాడు తెలివైనవాడు, పద్ధతైనవాడు. ముందే డబ్బు కట్టాను కదా, నాకు కాస్త మర్యాద ఎక్కువే ఉంటుంది అని లోపల ఎక్కడో అనిపిస్తుంది. ఇక్కడ సరిగ్గా తిరగబడింది. ముందు కట్టినవాడికే హక్కులు తక్కువ. అసలు ముందు కొనాలన్న నియమం కూడా లేదు, చాలా రూట్లలో ఆ రోజే, రైలుకి కాసేపు ముందు కూడా అడ్వాన్స్ టికెట్ అమ్ముతారు. ఆ పేరుకి, ముందుగా కొనడానికి పెద్దగా సంబంధమే లేదు.

విమానం 12:20కి దిగాలి. సామాన్లతో హీత్రో నుంచి, బర్మింగ్‌హామ్ రైళ్లు బయల్దేరే యూస్టన్ స్టేషన్‌కి గంట వేసుకున్నా. 3:30 రైలుకి ముగ్గురికీ మనిషికి 14 పౌండ్ల చొప్పున 42 పౌండ్లకి అడ్వాన్స్ కొన్నాను. మూడు గంటల పైన టైముంది, చాలదా అనుకున్నా. దోహాలోనే ఆలస్యమై విమానం 1:35కి దిగింది. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి ఇక్కడి ఈ-గేట్లు (పాస్‌పోర్టు పెడితే వాటంతటవే తెరుచుకునే గేట్లు) పనిచెయ్యవు, ఆఫీసరు దగ్గర లైన్లో నిలబడాల్సిందే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆ లైను, తర్వాత పెట్టెల కోసం ఎదురుచూపు. వాళ్లు బయటికొచ్చేసరికి 3:10.

ఇక్కడే నేను చేసిన తప్పు. 3:10కి నా చేతిలో ఫోనుంది, యాప్ తెరిచే ఉంది, రైలు ఇంకా కదల్లేదు. అడ్వాన్స్ టికెట్‌కి డబ్బు వాపసు ఉండదు గానీ, ఎక్కాల్సిన రైలు బయల్దేరేలోపు ఇంకో రైలుకి మార్చుకోవచ్చు. మనిషికి 10 పౌండ్లు ఫీజు, పైన కొత్త టికెట్‌కీ పాతదానికీ ఉన్న తేడా. తర్వాతి రైలుకి మనిషికి 31 చూపించింది. తేడా 51, ఫీజు 30, మొత్తం 81. 42 పౌండ్ల టికెట్లు మార్చడానికి 81 పౌండ్లా అని కడుపు మండి యాప్ మూసేశాను. అమ్మని గట్టిగా పట్టుకుని ఏడుస్తున్నా అప్పుడు, మూడేళ్ల తర్వాత చూశాను. ఆ క్షణంలో బుర్ర పనిచెయ్యలేదంటే నమ్మండి. 3:30 దాటాక మార్చుకునే దారి కూడా మూసుకుపోయింది.

ఇంకోటి కూడా నన్ను ముంచింది. పోయినేడాది ఒకసారి నేనెక్కిన రైలు లేటై, మారాల్సిన రెండో రైలు తప్పిపోయింది. అప్పుడూ అడ్వాన్స్ టికెట్టే. స్టేషన్‌లో అడిగితే ఏమీ అనకుండా తర్వాతి రైలు ఎక్కించారు, పైసా అడగలేదు. అది రూలే, రైలు వల్ల రైలు తప్పితే బాధ్యత వాళ్లది. విమానం లేటైనా అంతేలే, బోర్డింగ్ పాసు చూపిస్తే సరిపోతుందిలే అనుకున్నాను. సరిపోదు. విమానం వల్ల తప్పితే రైలు వాళ్లకి సంబంధం లేదు. ఎంత పెద్ద కారణమున్నా మనం ప్లాట్‌ఫారానికి ఆలస్యంగా వచ్చినట్టే లెక్క.

యూస్టన్ చేరేసరికి నాలుగున్నర. ఆ స్టేషన్ సంగతి తెలిసిందేగా, జనమంతా మెడలెత్తి బోర్డు చూస్తూ నిలబడతారు, ప్లాట్‌ఫారం నంబరు పడగానే పరుగో పరుగు. నాలుగు పెట్టెలు, వాటికి చుట్టూ తాళ్లు, మార్కరుతో మా నాన్న రాసిన పేర్లు. గేటు దగ్గర ఫోన్లో కోడ్ పెడితే ఎర్ర దీపం వెలిగి 'సీక్ అసిస్టెన్స్' అని వచ్చింది. పక్కనున్న స్టేషన్ మనిషి దగ్గరికెళ్లి ఫోన్ చూపించి, ఫ్లైట్ లేటైంది, ఈ రైలు తప్పింది, తర్వాతి దాంట్లో వెళ్లొచ్చా అని అడిగాను. అతను ఫోన్ వంక ఒక్క చూపు చూశాడు, అమ్మని చూశాడు, పెట్టెల్ని చూశాడు, పక్కనున్న వెడల్పు గేటు తెరిచి వెళ్లండి వెళ్లండి అని చెయ్యూపాడు. దాన్ని నేను అనుమతి అనుకున్నాను. పేరు అడగలేదు, టికెట్ మీద ఏదైనా రాసివ్వమని అడగలేదు. అడిగుంటే ఇప్పుడీ పోస్టు రాసే పనుండేది కాదు.

రైల్లో చోటుంది. మా ముగ్గురికీ ఎదురెదురుగా సీట్లు దొరికాయి. అమ్మ బ్యాగులోంచి సకినాల డబ్బా తీసింది, దారిలో తిందువుగాని అని నా ఒళ్లో పెట్టింది. బండి కదిలిన పావుగంటకి టికెట్లు చూసే మనిషి వచ్చాడు.

నా ఫోన్ స్కాన్ చేశాడు. మళ్లీ చేశాడు. ఇది 3:30 బండిది, ఇందులో చెల్లదన్నాడు. నేను మొత్తం చెప్పాను, విమానం, ఇమిగ్రేషన్, గేటు దగ్గర మనిషి. గేటు దగ్గర ఎవరు, పేరేంటి అన్నాడు. తెలియదన్నాను. అప్పుడు గొంతు పెంచాడు. చవక టికెట్ కొనుక్కుని ఇష్టమొచ్చిన బండెక్కుతామంటే కుదరదు, కొనేటప్పుడు చదువుకోవాల్సింది, మీలాంటివాళ్లని రోజూ చూస్తుంటాను అన్నాడు. మీలాంటివాళ్లు. ఆ మాటకి పక్క సీట్లవాళ్లు పేపర్లు దించి చూశారు. రూలు ప్రకారం డబ్బడుగు, ఇస్తాను. మీలాంటివాళ్లు అంటే ఎవరు? ముగ్గురికీ డబ్బు కట్టి, సీటు నంబర్లతో సహా టికెట్లు పట్టుకుని కూర్చున్నవాళ్లం మేము. దొంగచాటుగా ఎక్కినవాళ్లం కాదు.

మా నాన్నకి ఇంగ్లిష్ అంతగా రాదు. కానీ ఆ గొంతు ఆయనకి తెలుసు. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎండల్లో, జాతర రద్దీల్లో, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ల మధ్యన టికెట్లు కొట్టిన మనిషి. చెకింగ్ స్క్వాడ్ బస్సెక్కితే ఎలా ఉంటుందో రెండువైపుల నుంచీ చూసిన మనిషి. ఆయన మెల్లగా లేచి, మెడలో వేలాడుతున్న పాస్‌పోర్టు సంచి ఒక చేత్తో పట్టుకుని, తర్వాత దాన్నీ వదిలేసి, రెండు చేతులూ జోడించి 'సారీ సార్' అన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నా వయసున్న కుర్రాడికి. ఆ కుర్రాడు నాన్న వైపు చూడనైనా చూడలేదు. కూర్చోమని కూడా అనలేదు. మిషన్ మీద వేళ్లు ఆడిస్తూ కార్డా, క్యాషా అని నన్నడిగాడు.

సాయంత్రం రద్దీ వేళ కాబట్టి ఆఫ్-పీక్ ధర కూడా వర్తించదట. మూడు ఎనీటైమ్ టికెట్లు. అంతకుముందు కట్టిన 42లో ఒక్క పెన్నీ తగ్గించలేదు. 200 దాటింది, మన లెక్కలో ఇరవై వేల పైమాటే. పెనాల్టీ రాయట్లేదు, అందుకు సంతోషించమని చెప్పి పోయాడు. ఇంటికొచ్చాక చదివాను, ఇంగ్లండ్‌లో ఆ పెనాల్టీ 2023 జనవరి నుంచి 100 పౌండ్లు, టికెట్ ధర దానికి అదనం. 21 రోజుల్లో కడితే 50. అంతకుముందు 20 పౌండ్లో, టికెట్‌కి రెట్టింపో ఉండేది.

అమ్మ ఎంతయిందే అని అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. సకినాల డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. ఎవరం ముట్టుకోలేదు. కవెంట్రీ దాటేదాకా నాన్న మాట్లాడలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు: 'టికెట్ లేదంటే లేదనాలమ్మా, అది అతని డ్యూటీ. నేనూ ఫైన్లు రాయించాను. కానీ పెద్దవాళ్లని నిలబెట్టి ఎన్నడూ మాట్లాడలేదు.'

నా మీద నాకే పీకలదాకా కోపం. మూడు టికెట్ల మీద ఓ యాభై అరవై పౌండ్లు మిగుల్చుకుందామనుకున్నాను. వాళ్లు భూమి సగం చుట్టొచ్చి దిగిన రోజున, అలసిపోయి కాళ్లు వాచి ఉన్న రోజున, అదా నేను మిగుల్చుకోవాల్సింది? ఆ యాప్‌లో అడ్వాన్స్ ధర పెద్దక్షరాల్లో పైన ఉంటుంది. ఈ రైలుకి మాత్రమే అన్న మాట చిన్న గీత కింద దాగి ఉంటుంది, నొక్కితేగానీ తెరుచుకోదు. నేను నొక్కలేదు. తప్పు నాదే. అయినా అలా దాచిపెట్టి అమ్మడం తప్పు కాదా?

కంపెనీకి రాత్రే రాశాను, గేటు దగ్గర జరిగింది, రైల్లో అతనన్న మాట, అన్నీ. డబ్బు వస్తుందన్న ఆశ లేదు. ఆ మాటకి మాత్రం జవాబు కావాలి.

సెప్టెంబరు, జనవరి నెలల్లో మొదలయ్యే కోర్సులకి పిల్లలు దిగుతారు, ఎండాకాలం అమ్మానాన్నలు దిగుతారు, అందుకే ఇదంతా. విమానం దిగే రోజుకి ఆఫ్-పీక్ కొనండి, ఏ వేళల్లో చెల్లదో మాత్రం ముందే చూసుకోండి. చాలా రూట్లలో శని ఆదివారాలు రోజంతా ఆఫ్-పీకే. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దవాళ్లు కలిసి వెళ్తుంటే గ్రూప్‌సేవ్ అని ఉంది, తొమ్మిదిమంది దాకా, చాలా కంపెనీల్లో ఆఫ్-పీక్ మీద మూడో వంతు తగ్గుతుంది. మేం సరిగ్గా ముగ్గురం. నిన్నటిదాకా ఆ పేరే వినలేదు. అడ్వాన్సే కొంటానంటే విమానం దిగి, పెట్టెలు చేతికొచ్చి, స్టేషన్‌కి చేరాక అక్కడే కొనండి, దొరికితే దొరుకుతుంది.

కవెంట్రీలో చదివే పిల్లలకి ఒక మాట. బర్మింగ్‌హామ్ దాకా అడ్వాన్స్ చవగ్గా ఉందని కొని మధ్యలో కవెంట్రీలో దిగిపోతుంటారు. అది కూడా కుదరదు. అడ్వాన్స్‌లో చివరిదాకా వెళ్లకుండా మధ్య స్టేషన్‌లో దిగడం, మధ్యలో ఎక్కడం, రెండూ తప్పే. గేటు దగ్గర పట్టుకుంటే కొత్త టికెట్ కట్టిస్తారు.

ఇంకా, ఎవరైనా స్టేషన్ సిబ్బంది పర్లేదు వెళ్లమంటే అక్కడే ఆగి టికెట్ మీద రాయించుకోండి. ఫోన్ టికెట్ అయితే వాళ్ల పేరు, టైము నోట్ చేసుకోండి. ఈ వారంలో మీవాళ్లెవరైనా వస్తుంటే, ఇప్పటికే కొన్న టికెట్ ఒకసారి తెరిచి చూడండి. పైన అడ్వాన్స్ అని ఉండి, విమానం లేటయ్యేలా కనిపిస్తే, రైలు బయల్దేరకముందే ఆ పది పౌండ్లూ, టికెట్ ధరలో తేడా కట్టి మార్చెయ్యండి. నాలాగా యాప్ మూసెయ్యకండి.