కేలరీల లెక్కా? కంచం కొలతా? ఏది మేలు?

నా ఫోన్‌లో ఒక యాప్, మా బావమరిది ఫోన్‌లో ఇంకో యాప్. రెండింటికీ నా వివరాలే ఇచ్చాం: మగ, 42 ఏళ్ళు, 170 సెంటీమీటర్లు, 82 కిలోలు. బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే రోజుకు 2,013 కేలరీలని నాది చెప్పింది. అతనిది 2,307 అంది. దాదాపు మూడు వందల తేడా, అంటే చట్నీతో సహా మూడు నాలుగు ఇడ్లీలు. "ఫార్ములాలు వేరు బావా, అందుకే" అన్నాడు. విప్పి చూస్తే అది కాదు.

యాప్‌లు ఎక్కువగా వాడే ఫార్ములాలు రెండు. ఒకటి 1919 నాటి హారిస్-బెనెడిక్ట్, రెండోది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్. రెండోదాన్ని కాగితం మీదే వేసుకోవచ్చు. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి, అందులోంచి వయసుకు అయిదు రెట్లు తీసేయాలి. మగవాళ్ళయితే 5 కలపాలి, ఆడవాళ్ళయితే 161 తీసేయాలి. నాకు 1,678 వచ్చింది. రోజంతా మంచం మీద పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు అది. పాత ఫార్ములాతో వేస్తే 1,761. తేడా 83 మాత్రమే. ఎక్కువమందికి మిఫ్లినే దగ్గరగా వస్తుంది కాబట్టి దాన్నే పట్టుకోండి, ఇంక ఆలోచించక్కర్లేదు.

అసలు తేడా తర్వాతి మెట్టులో ఉంది. ఆ 1,678ని మన పనిని బట్టి మళ్ళీ గుణించాలి. నేను కూర్చునే ఉద్యోగమని 1.2 పెట్టాను. నేను సాయంత్రం యూనివర్సిటీలో నడుస్తానని బావమరిది 1.375 పెట్టాడు. నెలకోసారి అలిపిరి మెట్లెక్కుతామని ఇంకో మెట్టు పైకి పెట్టేవాళ్ళనూ చూశాను. 3,550 మెట్లెక్కి ఎంత చెమటోడ్చినా అయ్యే ఖర్చు ఇంచుమించు ఒక లడ్డూ. 175 గ్రాముల శనగపిండి, చక్కెర, నెయ్యి కలిపితే 700 కేలరీలకు తగ్గవు. కొండెక్కితే పుణ్యం వస్తుందేమో గానీ రోజువారీ లెక్క మారదు. ఏది పెట్టాలో తెలియకపోతే చిన్న అంకే పెట్టండి.

బరువు తగ్గాలని ఆ 2,013లోంచి దాదాపు 400 తీసి నేను 1,600 పెట్టుకున్నాను. ఇక దాన్ని అందుకోవడం ఎలా? తూచి రాసుకోవడం ఒక దారి, కంచంలో భాగాలు చూసుకోవడం ఇంకో దారి.

తూచేటప్పుడు మనవాళ్ళు మొదట బోల్తా పడేది సంగటి దగ్గర. యాప్‌లో 'రాగి ముద్ద, ఒకటి' అని ఉంటుంది. ఏ ఇంటి ముద్ద? మా అమ్మ పెట్టే ముద్దలో హోటల్ ముద్దలు రెండు పడతాయి. పైగా ముద్ద బరువులో చాలావరకు నీళ్ళే. పొయ్యి మీద పెట్టకముందే పిండిని, బియ్యాన్ని తూచి, 100 గ్రాములకు 330 నుంచి 350 కేలరీలు వేసుకుంటే గొడవ ఉండదు. అన్నమూ అంతే: 100 గ్రాముల బియ్యం వండితే దాదాపు మూడింతల బరువవుతుంది. వండిన అన్నాన్ని తూచి బియ్యం లెక్క రాసుకుంటే ఆ రోజు పస్తే.

నూనె మాత్రం తూకానికి అందదు. ఒక్కో కూరలో నా వాటాకు ఎంత వచ్చిందో ఎవరు చెప్పగలరు? మా ఆవిడను అడిగితే "తాలింపు కూడా మీకు తూచి పెట్టాలా?" అంది. నిజమే, వండే మనిషికి ఇది నరకం. అందుకే నెల లెక్కకు మారాం. లీటరు నూనె అంటే సుమారు 8,200 కేలరీలు. మేం నలుగురం, నెలకు అయిదు లీటర్లు వాడుతున్నాం. తలకు రోజుకు 340 వచ్చింది! ఫార్ములాల మధ్య 83 కోసం కొట్టుకున్నవాళ్ళం మేం.

కంచం పద్ధతికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క మంచి ఆధారం. 2,000 కేలరీల రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనె. తేలికగా చెప్పాలంటే కంచంలో సగం కూరలు, పండ్లు. మా ఆవిడకు ఇదే నచ్చింది. తూకం లేదు, టెన్షన్ లేదు. ఈ పద్ధతికి కంటికి కనిపించనివే శత్రువులు. ఊరిబిండి, అదే చెనక్కాయల పచ్చడి, రెండు గరిటెలు పడితే కంచం అందంగానే ఉంటుంది, 200 కేలరీలు మాత్రం ఎక్కి కూర్చుంటాయి.

పిండిపదార్థం, ప్రొటీన్, కొవ్వుల పంపకంలోనూ రెండు దారులున్నాయి. 40-30-30 అని శాతాల్లో పంచడం ఒకటి, ప్రొటీన్‌ను గ్రాముల్లో పెట్టుకోవడం ఒకటి. నా ఓటు గ్రాములకే. 1,600లో 30 శాతమంటే 120 గ్రాముల ప్రొటీన్. తిండిని 1,300కు తగ్గిస్తే అదే శాతం 98కి దిగుతుంది. తిండి తగ్గినప్పుడే కదా కండ కరగకుండా ప్రొటీన్ నిలబెట్టుకోవాల్సింది? చేరాలనుకున్న బరువు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు చాలు. నాకు 70 కిలోలు లక్ష్యం కాబట్టి వంద దగ్గర పెట్టాను. కొవ్వు 45, 50 గ్రాముల మధ్య ఉంచి, మిగతాది అన్నమో సంగటో. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఈ అంకెలు పట్టుకోవద్దు.

వంద గ్రాములు మన వంటతో రావడం కష్టమే. కప్పు పప్పులో ఏడు గ్రాములుంటే గొప్ప. చెనక్కాయలు ప్రొటీన్ అనుకుంటాం గానీ, వాటిలో వంద కేలరీలకు నాలుగున్నర గ్రాములే, గుడ్డులో ఎనిమిది, మీల్ మేకర్‌లో పదిహేను.

నెల తిరిగాక ఫార్ములాను మించిన ఆధారం దొరికింది. మొదటి వారం తగ్గేది చాలావరకు నీరే కాబట్టి దాన్ని వదిలేశాను. తర్వాతి మూడు వారాల్లో 1.2 కిలోలు తగ్గాను. కిలో కొవ్వుకు 7,700 చొప్పున వేస్తే రోజుకు 440 లోటు. 1,600కు అది కలిపితే 2,040: నా ఒంటికి కావాల్సింది ఇదీ. బావమరిది మాట విని 2,307లోంచి 400 తీసి ఉంటే బరువు తగ్గేదే గానీ, సగం కంటే తక్కువ వేగంతో.

అప్పటి నుంచి తూకం పక్కన పెట్టి నేనూ కంచం వైపు వచ్చేశాను. నెల రోజులు తూచాక కంటికి కొలత వచ్చేసింది. అది లేకుండా నేరుగా కంచంతో మొదలుపెట్టి ఉంటే ఊరిబిండి లెక్క బయటపడేది కాదు. ప్రొటీన్ ఒక్కటి వేళ్ళ మీద లెక్కపెడతాను. నూనె ప్యాకెట్ విప్పినప్పుడల్లా దాని మీద తేదీ రాస్తున్నాం. పోయిన నెల మూడున్నర లీటర్లు అయింది. పూరీలు ఒక్కసారే.