పదకొండేళ్లుగా ఒకటే కాలిక్యులేటర్: ఘాతాల దగ్గర దాని తీరు

నా సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీద అన్నిటికంటే ముందు చెరిగిపోయిన అక్షరాలు ఈఎక్స్‌పీ బటన్‌వి. డిగ్రీ మొదటి ఏడాదిలో చేతికొచ్చింది, ఇప్పటికి పదకొండేళ్లు. పైన మనం కొట్టిన లెక్క, కింద జవాబు కనిపించే రెండు వరసల తెర దానిది. సైన్, కాస్, సగటులు, మెమరీ అన్నీ బాగానే పనిచేస్తాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫిజిక్స్ లెక్కల్లో నన్ను ఆదుకున్నదీ, నా పరువు తీసిందీ ఘాతాలే కాబట్టి ఈ సమీక్ష వాటి గురించే.

ఘాతానికి దీంట్లో రెండు ముఖ్యమైన దార్లున్నాయి. ఒకటి టోపీ గుర్తు, ^. రెండోది ఈఎక్స్‌పీ. కొత్తలో రెండూ ఒకటేననుకున్నాను. పది పవర్ ఐదు కావాలంటే 10, ఈఎక్స్‌పీ, 5 కొట్టేవాణ్ణి. జవాబు 1000000 వచ్చేది, లక్షకి బదులు పది లక్షలు. ఈఎక్స్‌పీ అంటేనే "ఇంటూ పది పవర్" అని అర్థం. పది దానిలోనే ఉంది, మళ్లీ మనం కొట్టకూడదు. లక్ష కావాలంటే 1, ఈఎక్స్‌పీ, 5. అవగాడ్రో సంఖ్యకి 6.022, ఈఎక్స్‌పీ, 23. ఈ పొరపాటు వారంలో పోయింది.

రెండో పొరపాటు పోవడానికి ఏడాది పట్టింది. పది తప్పులు చేశాక నాకు ఈఎక్స్‌పీ మీద నమ్మకం పోయి, అన్నిచోట్లా ×10^ అని విడిగా కొట్టడం మొదలుపెట్టాను. కాంతి తరంగదైర్ఘ్యం లెక్క వచ్చింది. వేగం 3×10⁸, పౌనఃపున్యం 5×10¹⁴. భాగిస్తే 6×10⁻⁷ మీటర్లు రావాలి, నారింజ రంగు కాంతి అన్నమాట. నాకు 6×10²¹ వచ్చింది. మన పాలపుంత వెడల్పు దాదాపు లక్ష కాంతి సంవత్సరాలైతే, నా కాంతి ఒక్క అల పొడవు ఆరు లక్షల కాంతి సంవత్సరాలు! అదేమీ చూసుకోకుండా అలాగే రాసిచ్చాను కూడా.

కాలిక్యులేటర్ తప్పు లేదు. 3×10^8÷5×10^14 అని కొడితే అది ఎడమ నుంచి కుడికి వెళ్తుంది: ఐదుతో భాగిస్తుంది, తర్వాత 10¹⁴తో గుణిస్తుంది. 5, ఈఎక్స్‌పీ, 14 అని కొడితే మాత్రం దాన్ని ఒకే ఒక్క సంఖ్యగా తీసుకుంటుంది, మొత్తంతో భాగిస్తుంది. టోపీ గుర్తు ఒక పని చేస్తుంది, ఈఎక్స్‌పీ సంఖ్యలో భాగమైపోతుంది. ఈ తేడా ఎవరైనా మొదటిరోజే చెప్పుంటే ఆ ఏడాది మార్కులు ఇంకోలా ఉండేవి.

మైనస్ ఘాతాలకి తీసివేత బటన్ కాకుండా బ్రాకెట్లో చిన్న మైనస్ ఉన్న బటన్ వాడాలి. అలవాటైపోతుంది. దానితోనే ఇంకో చిక్కుంది: −2 కొట్టి వర్గం బటన్ నొక్కితే −4 వస్తుంది, ఎందుకంటే ముందు వర్గం, తర్వాత మైనస్. అదే −2 కొట్టి ఈక్వల్ నొక్కి, వచ్చిన జవాబుకి వర్గం చేస్తే 4. రెండూ సరైనవే, కానీ పరీక్ష హాల్లో ఈ విషయం తట్టదు. ఘనమూలానికి టోపీ వాడేవాళ్లు కూడా బ్రాకెట్ మరవకండి: 27^1÷3 అంటే 9, 27^(1÷3) అంటేనే 3.

నిజమైన ఫిర్యాదు ఒక్కటే, అదీ మరీ చిన్న సంఖ్యల దగ్గర. 10¹⁰⁰ దాటితే తెర మీద మ్యాథ్ ఎర్రర్ వస్తుంది. 69 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 69 దాకా అన్నీ గుణిస్తే వచ్చేది) చేస్తుంది, 70 అంటే చేతులెత్తేస్తుంది. అది న్యాయమే. 1972లో వచ్చిన హెచ్‌పీ-35లోనూ ఘాతం ±99 వరకే ఉండేది, అప్పట్నుంచీ జేబు కాలిక్యులేటర్లలో చాలావాటికి అదే గీత. అటు చివర మాత్రం మోసం ఉంది. మరీ చిన్న సంఖ్య వస్తే ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు చెయ్యకుండా సున్నా చేసేస్తుంది. ప్లాంక్ స్థిరాంకం హెచ్, అంటే 6.626×10⁻³⁴కి ఘనం కట్టి చూడండి. అసలు జవాబు 2.909×10⁻¹⁰⁰, తెర మీద 0. వేడి వాయువులో పరమాణువులు ఎంతమేరకు అయాన్లవుతాయో చెప్పే మేఘనాద్ సాహా సమీకరణం చేస్తూ నేను హెచ్ ఘనాన్ని విడిగా కట్టి మెమరీలో పెట్టుకున్నాను. దానితో భాగించేసరికి మ్యాథ్ ఎర్రర్. ఎక్కడ తప్పో వెతకడానికి ముప్పావుగంట పోయింది. ముందు హెచ్ వర్గంతో భాగించి, ఆ వచ్చినదానికి 1.5 ఘాతం వేస్తే 6000 కెల్విన్ దగ్గర 1.12×10²⁷ హాయిగా వచ్చేసింది.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. తెర మీద పది అంకెలే చూపించినా లోపల ఇంకొన్ని దాచుకుంటుంది. 2^40 కొడితే 1.099511628×10¹² అంటుంది. దాంట్లోంచి 1.0995, ఈఎక్స్‌పీ, 12 తీసేస్తే 11627776 బయటపడుతుంది. అంటే అసలు జవాబు 1099511627776, ఒక్క అంకె పోలేదు.

1÷200 కి 0.005 బదులు 5×10⁻³ చూపిస్తుంటే కంగారుపడకండి, అది నార్మ్ 1 అమరిక. నార్మ్ 2 పెట్టుకుంటే మామూలు దశాంశంలో కనిపిస్తుంది. నేను మొదటివారమే మార్చేశాను.

ఈ మధ్య నాది కనిపించక స్నేహితుడి దగ్గర ఇంకో కంపెనీది అరువు తెచ్చుకున్నాను. 2^3^2 కొడితే 512 అంది. నాది ఎప్పుడూ 64 అనేది. నాది ఎడమ నుంచి చేసుకుంటూ పోతుంది, అది పైనున్న ఘాతం ముందు చేస్తుంది. పుస్తకాల్లో రాసుకునే పద్ధతి దానిదే. ఇప్పుడు ఎవరి కాలిక్యులేటర్ చేతికొచ్చినా లెక్క మొదలుపెట్టేముందు నేను కొట్టేది ఆ 2^3^2నే.